రెండు తలుపుల కారులో మూడో తలుపు

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు యాభై రెండు. వృత్తి, కార్లకు సీటు కవర్లు కుట్టడం. బస్టాండు వెనక వీధిలో సొంత కొట్టు ఉంది. చదువు పదో తరగతి. ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టంతో, ఇన్‌స్పెక్టరు గారి ఎదుట ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. ఆయన నన్ను ముఖ్యంగా రెండు ప్రశ్నలు అడిగారు. డ్యాములో దొరికిన కారు మాదేనని ఎలా చెప్పగలనన్నది మొదటిది. రెండే తలుపులున్న ఆ కారులో, వెనక సీటు మీద ఇంకో తలుపు ఎందుకుందన్నది రెండోది. రెండింటికీ నాకు జవాబు తెలుసు. వరసగా చెబుతాను.

ఈ నెల ఆరో తేదీ మంగళవారం ఉదయం, కొట్టు తెరిచిన కాసేపటికి ఎస్సై గారు వచ్చారు. ఎండలకు డ్యాము అడుగంటిందనీ, పూడిక తీసేవాళ్లకు బురదలో ఒక పాత కారు కనబడిందనీ అంతకు రెండు రోజుల ముందే పేపర్లో చూశాను. అందరిలాగే చూశాను, పేజీ తిప్పేశాను. ఎస్సై గారు ఒక ప్లాస్టిక్ సంచిలోంచి సీటు ముక్క తీసి నా బల్ల మీద పెట్టారు. నంబరు ప్లేటు తుప్పు పట్టి అరిగిపోయిందనీ, పాత కార్ల సీట్ల సంగతి నాకు తెలుస్తుందని ఎవరో చెబితే వచ్చాననీ అన్నారు.

"ఇలాంటి కుట్టు ఎవరు వేస్తారమ్మా ఈ చుట్టుపక్కల?" అని అడిగారు.

ముక్కను తిరగేసి చూశాను. బురద కింద ఆకుపచ్చ రెక్సిన్. నైలాన్ దారంతో చేత్తో వేసిన జంట కుట్టు. మూల దగ్గర ఒక వరస దారి తప్పి పక్క వరసలోకి పోయింది.

"ఇప్పుడెవరూ వెయ్యరండీ. ఇది చేతకానివాళ్ల కుట్టు" అన్నాను.

"ఎవరిదో చెప్పగలరా?"

"నాదే" అన్నాను.

ఎస్సై గారు నవ్వారు. నేను పరాచికాలాడుతున్నాననుకున్నారు. నేను కూర్చున్నాను. కారులో మనుషులెవరైనా ఉన్నారా అని అడిగాను. ఒకరు ఉన్నారన్నారు. ఒకరేనా అని మళ్లీ అడిగాను. ఒకరే అన్నారు. అలా రెండుసార్లు ఎందుకడిగానో ముందు ముందు చెబుతాను.

ఆ కారు మేము కొన్నది మా పెళ్లయిన మూడో ఏడు. మా ఆయన మందుల గోదాములో స్టోర్‌కీపరు. ఇంట్లో ఆయన, నేను, మా అత్తయ్య. పిల్లల్లేరు. ఆయనకు చిన్నప్పటినుంచీ పాత కార్లంటే ప్రాణం. వాళ్ల ఇంటి ఎదురుగా ఒక డాక్టరు గారుండేవారట. ఆయన కారు కడిగే రోజున బడి ఎగ్గొట్టి మరీ గోడ మీద కూర్చునేవాణ్నని చెప్పేవారు. వీధిలో పాత కారు పోతుంటే చూడకుండానే, ఇంజను చప్పుడు విని అది ఏ కాలం నాటిదో చెప్పేవారు. కొత్త కారు మన తాహతుకు ఎటూ అందదు, పాతదైనా మంచిది చూసుకుందామని నన్ను వెంటబెట్టుకుని తిరిగారు.

మూడు కార్లు చూశాం. మొదటిది నల్లది, పెద్దది, వెనక సీటులో పెళ్లి చేసెయ్యొచ్చు. అమ్మేవాడు దాని వైభవం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. మా ఆయన అంతా విని, "బాబూ, ఏనుగును కొనడం గొప్ప కాదు, దానికి మేత ఎవడు తెస్తాడు?" అన్నారు. రెండోది ఎర్రది. అద్దంలా మెరుస్తోంది. నాకు చూడగానే నచ్చేసింది. అది తీసుకుందామని ఆయన చెవిలో చెప్పాను కూడా. ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరి, బొటనవేలితో రేకును నొక్కారు. వేలు లోపలికి పోయింది. లేచి చొక్కా దులుపుకుంటూ, "దీనికి రంగే మిగిలింది. లోపల కారు ఎప్పుడో చచ్చిపోయింది" అన్నారు. పాత కారు కొనేవాడు నిలబడి చూస్తే మోసపోతాడు, పడుకుని చూస్తే బాగుపడతాడు అని దారంతా నాకు పాఠం చెప్పారు.

మూడోది మీకు దొరికిన ఈ కారు. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, అటొక తలుపు, ఇటొక తలుపు. పెద్ద ఆసుపత్రిలో మంత్రసానిగా చేసి రిటైరైన ఒక పెద్దావిడది. అంతకు ముందే పదిమంది చూసి వద్దనుకున్నారు. ఎందుకంటే డ్రైవరు పక్క సీటు వైపు తలుపు లోపలినుంచి తెరుచుకోదు. లోపలి పిడి ఎప్పుడో విరిగిపోయింది. ఆ మోడలు తయారీ ఆగిపోయి అప్పటికే చాలా ఏళ్లయింది కాబట్టి విడిభాగాలు దొరకవు. మా ఆయన పడుకుని చూశారు, వేలితో నొక్కారు, ఇంజను ఆన్ చేసి కళ్లు మూసుకుని విన్నారు. ఆవిడ వాకిట్లో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ కూర్చుంది.

"తలుపొక్కటే లోపమండీ, మిగతాదంతా బంగారం" అన్నారు మా ఆయన.

ఆవిడ, "అది లోపమనుకుంటే లోపం నాయనా. నొప్పులు పడే పిల్లల్ని ఇందులో ఎంతమందిని తీసుకెళ్లానో లెక్క లేదు. ఒక్కత్తెకీ తలుపు తీసుకునే ఓపిక ఉండేది కాదు. నేనే దిగి, ఇటు తిరిగొచ్చి, తీసి, చెయ్యిచ్చి దింపేదాన్ని. నువ్వు కూడా దిగి తియ్యి. పక్కన కూర్చున్నవాళ్లకు అదో మర్యాద" అంది.

బేరం ఎక్కువసేపు సాగలేదు. ఇంటికొచ్చేటప్పుడు వీధి మొదట్లోనే మా ఆయన కారు ఆపి, దిగి, ఇటు తిరిగొచ్చి నాకు తలుపు తీశారు. ఇల్లింకా పది గుమ్మాల అవతల ఉంది. "ఇక్కడెందుకండీ?" అంటే, "అందరూ చూడాలి కదా" అన్నారు.

సీట్లు చిరిగిపోయి స్పాంజి బయటికి వచ్చి ఉంది. బస్సు సీట్లకు వాడగా మిగిలిన ఆకుపచ్చ రెక్సిన్ ఎక్కడో సంపాదించి తెచ్చారు. కుట్టించడానికి స్తోమత లేక నేనే పూనుకున్నాను. ఇంట్లో మిషను సూదులు విరిగిపోయాయి. దబ్బనం పట్టి, చేపలు పట్టే నైలాన్ దారంతో కుట్టాను. మూల దగ్గర దబ్బనం వేలిలో దిగింది. కుట్టు దారి తప్పింది అక్కడే. నా బతుకుతెరువు అక్కణ్నుంచే మొదలైంది. ఇది మొదటి ప్రశ్నకు జవాబు.

ఇక రెండోది. మా అత్తయ్యకు ఆ కారంటే భయం. కారంటే కాదు, ఆ తలుపంటే. "లోపలున్నవాళ్లు తీసుకోలేని తలుపు తలుపెట్లా అవుతుందిరా? బోను అవుతుంది. నేనేమన్నా పిల్లినా?" అనేది. ఒక్కసారి ఎక్కింది. బజారులో మా ఆయన దిగి ఎవరితోనో మాటల్లో పడి తలుపు తియ్యడం మర్చిపోయారు. అత్తయ్య అద్దం మీద కొట్టి కొట్టి అలిసిపోయింది. జనం పోగయ్యారు. ఇంటికొచ్చాక చెప్పేసింది: "ఆ తలుపు బాగయ్యేదాకా నీ కారు ఎక్కితే ఒట్టు." ఆవిడ మాటంటే మాటే. మేమిద్దరం కారులో పోతే ఆవిడ వెనకాల సిటీ బస్సులో వచ్చేది. ఒక్కోసారి మాకంటే ముందే చేరుకుని, గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి నవ్వేది.

ఆయనకు అది మనసులో ముల్లులా ఉండిపోయింది. అదే మోడలు కారు తుక్కు కింద పడి ఉంటే దాని తలుపు ఊడదీసి తెచ్చుకోవచ్చని, ఎవరు ఎక్కడ ఉందన్నా పోయేవారు. రెండుసార్లు మాతో చెప్పి మరీ వెళ్లారు. మొదటిసారి ఉత్త చేతులతో వచ్చారు, మేం నవ్వాం. రెండోసారి తెచ్చిన తలుపు వేరే మోడలుది, మన కారు తలుపుకంటే జానెడు పొడుగు. అత్తయ్యా నేనూ పడీ పడీ నవ్వాం. "మన కారుకు కాదులే, స్నానాలగదికి పెట్టించు" అంది అత్తయ్య. ఆయన కూడా నవ్వారు. కానీ ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వదిలేశారనుకున్నాం.

ఇరవై ఆరేళ్ల కిందట, వానాకాలంలో, ఒక శనివారం. శనివారాలు గోదాము మధ్యాహ్నానికే మూసేస్తారు. పొద్దున వెళ్లేటప్పుడు ఆయన, "ఇవాళ కాస్త ఆలస్యమవుతుంది" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. పాలు పొంగుతున్నాయి. సరే అన్నాను. నేను ఆయనతో అన్న ఆఖరి మాట అదే. మధ్యాహ్నం నుంచి వాన పడింది. ఆయన రాలేదు.

మొదటి రోజు, కారు ఎక్కడో ఆగిపోయి ఉంటుందనుకున్నాం. పాత కారు కదా. రెండో రోజూ అదే అనుకున్నాం. సోమవారం గోదాము నుంచి మనిషి వచ్చాడు. ఆయన పనిలోకి రాలేదేమని అడిగాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, అక్కడి టైపిస్టు అమ్మాయి కూడా శనివారం నుంచి రావడం లేదని చెప్పాడు. అతను అంతకంటే ఏమీ అనలేదు. మిగతాది వీధి అంది.

అత్తయ్య బీరువా తీసి చూసింది. ఆయన బట్టలన్నీ ఉన్నాయి. పైన పెట్టిన మందపాటి దుప్పటి లేదు. గళ్ల దుప్పటి, చలికాలంలో తప్ప తియ్యనిది. ఆవిడ బీరువా మూసింది. "బట్టలు ఎక్కడైనా కొనుక్కోవచ్చు. దుప్పటి పట్టుకుపోయాడంటే కాపురానికే పోయాడు" అంది.

నేను పోలీసులకు చెబుదామన్నాను. "దారి తప్పినవాణ్ని వెతుకుతారు గానీ, ఇల్లు విడిచినవాణ్ని ఎవరు వెతుకుతారే? పోయిన పరువు చాలు, దండోరా కూడా వేయిద్దామా?" అంది. నేను సరేనన్నాను. ఫిర్యాదు ఎందుకివ్వలేదని ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. కారణం ఇదే. వద్దన్నది ఆవిడ. సరేనన్నది నేను. ఇద్దరి పేరా రాయండి.

మా ఆడపడుచు వచ్చి తల్లిని తన ఇంటికి తీసుకెళ్తానంది. అత్తయ్య కదల్లేదు. "నా కొడుకు దీన్ని నట్టేట ముంచి పోయాడు. నేను కూడా పోతే దీనికి దిక్కెవరు?" అంది. నట్టేట ముంచి పోయాడు. ఈ మాట మా ఇంట్లో ఇరవై ఆరేళ్లు వాడాం. అద్దె కట్టలేనప్పుడు వాడాం. నాకు జ్వరం వస్తే వాడాం. ఆవిడ కొడుకు ఫోటోను గోడ మీంచి తీసి, ముఖం లోపలికి పెట్టి, మంచం కింద పెట్టెలో పడేసింది. నేను సీట్లు కుట్టడం నేర్చుకున్నాను. ఆవిడ స్పాంజి కోసి ఇచ్చేది. కొట్టు పెట్టినప్పుడు ఎదురుగా కూర్చుని గిరాకీతో పోట్లాడింది ఆవిడే. తల్లీ కూతుళ్లా అని అడిగినవాళ్లకు, "కాదు, ఒకే బండోడి చేతిలో మోసపోయిన ప్యాసింజర్లం" అని చెప్పేది. జనం నవ్వేవాళ్లు. ఆవిడ నవ్వేది కాదు.

భర్త ఉన్నారా అని ఎవరైనా అడిగితే ఉన్నారనే చెప్పాను. ఎక్కడ అంటే తెలియదనేదాన్ని. పాత కారు ఏది రోడ్డు మీద పోయినా కుట్టు ఆపి వినేదాన్ని. ఏ కాలం నాటిదో నాకు తెలియదు. అది మా కారు కాదని మాత్రం తెలిసేది.

కొన్నేళ్లకు ఆ టైపిస్టు నా కొట్టుకు వచ్చింది. పక్కన భర్త, చేతిలో సంచి. ఎవరో నేను గుర్తు పట్టలేదు. భర్తను బయటే నిలబెట్టి లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది: "అక్కా, నేను మీ ఆయనతో వెళ్లలేదు. మా నాన్నకు పక్షవాతం వచ్చిందని కబురొస్తే ఆ రోజు మధ్యాహ్నం బస్సెక్కి ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి ఊరంతా ఈ మాటే. నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. వీరు మాత్రం నన్ను నమ్మారు. మీరు కూడా నమ్మితే చాలు."

నమ్మానని చెప్పాను. నిజంగానే నమ్మాను. అత్తయ్యకు చెబితే, "ఇది కాకపోతే ఇంకొకతి" అంది. ఆవిడను తప్పు పట్టలేను. టైపిస్టుతో వెళ్లలేదంటే మరెక్కడికి వెళ్లినట్టు? ఎక్కడో ఒకచోట, ఎవరితోనో ఒకరితో బతికున్నాడనుకోవడమే మాకు నయం. తిట్టడానికి మనిషి బతికుండాలి కదా. అందుకే ఎస్సై గారిని ఒకరేనా అని రెండుసార్లు అడిగాను.

ఆరో తేదీ సాయంత్రమే నేను స్టేషనుకు వచ్చి కారు చూశాను. మీగడ రంగు అక్కడక్కడా ఇంకా ఉంది. వెనక సీటు మీద నిలువుగా ఒక తలుపు. నీలం రంగు. అదే మోడలు, డ్రైవరు పక్క సీటు వైపు తలుపు. దాని లోపలి పిడి విరగలేదు, ఉంది. తలుపు చుట్టూ నైలాన్ తాడు, తాడు కింద గళ్ల గుడ్డ పీలికలు. అది మా దుప్పటి. నేను కుట్టిన సీటు చిరగకూడదని తలుపును దుప్పటిలో చుట్టి పెట్టారు. డ్యాముకు అవతలి ఊళ్లో అప్పట్లో ఒక తుక్కు కొట్టు ఉండేదనీ, అక్కడ ఇలాంటి నీలం కారు ఏళ్ల తరబడి పడి ఉండేదని ఆ కొట్టు యజమాని కొడుకు చెప్పాడనీ ఎస్సై గారు తర్వాత నాకు తెలియజేశారు. రెండుసార్లు నవ్వాం కాబట్టి మూడోసారి మాకు చెప్పకుండా వెళ్లారు. ఇది రెండో ప్రశ్నకు జవాబు.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆవిడకు ఇప్పుడు ఎనభై రెండు. చూపు ఆనదు.

"అత్తయ్యా, కారు దొరికింది" అన్నాను.

"ఎవరి కారు?"

"మనది."

చేతులు ఆగాయి. "అమ్ముకున్నాడా?" అంది.

"లేదు. డ్యాములో ఉంది. వాన రోజు డ్యాము రోడ్డు మలుపులో జారిపోయి ఉంటుందంటున్నారు."

"వాడు?"

"అందులోనే ఉన్నారు."

చిక్కుడుకాయలు ఒక్కొక్కటే పళ్లెంలో పెట్టింది. "ఒక్కడేనా?" అంది.

"ఒక్కరే" అన్నాను.

తలుపు సంగతి నేను చెప్పలేదు. చెప్పకూడదనుకున్నాను. మర్నాడు వద్దన్నా వినకుండా ఆవిడ నాతో స్టేషనుకు వచ్చింది. చేత్తో తడుముకుంటూ కారు చుట్టూ తిరిగింది. కానిస్టేబులుకు ఏమీ తెలియదు పాపం, "జాగ్రత్త మామ్మగారూ, వెనకాల ఇంకో తలుపుంది, తగులుతుంది" అన్నాడు.

"ఇంకో తలుపేమిటి?" అంది. చెయ్యి చాపింది. అంచు వెంబడి తడిమింది. కింద పీలిక తగిలితే వేళ్ల మధ్య పెట్టి నలిపింది. "ఏం రంగు?" అని నన్నడిగింది.

"నీలం."

"ఎందుకిది?"

అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. తుక్కు సామాను ఎవరికో తీసుకెళ్తున్నారేమో అందామనుకున్నాను. అంతలో ఆవిడే అంది. "నాకు." మళ్లీ అంది. "నాకు తెచ్చాడు."

ఆ తర్వాత కానిస్టేబులు చెయ్యి పట్టుకుని, "బాబూ, నన్ను ఒక్కసారి అందులో కూర్చోబెట్టు. వాడు తలుపు తెచ్చాడు కదా. ఇక నాకు ఒట్టేమీ లేదు" అంది. కారుకు అడుగు లేదని, కూర్చుంటే కూలిపోతుందని అతను ఎంత చెప్పినా వినలేదు. చివరికి కుర్చీ తెచ్చి కారు పక్కన వేశారు. డ్రైవరు పక్క సీటు ఉండే వైపు. ఆవిడ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. ఏడవలేదు. కొడుకును పేరు పెట్టి పిలిచి, మెల్లగా, చిన్నపిల్లాణ్ని మందలించినట్టు మందలించింది. వానలో ఎవరు పొమ్మన్నారు నిన్ను, నేను బస్సులో రానా, ఎప్పుడూ వచ్చేదాన్ని కదా, అంది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ నోటి వెంట ఆ పేరు వినడం నాకదే మొదలు.

టైపిస్టుకు నేనే ఫోను చేసి చెప్పాను. ఫోను అత్తయ్య తీసుకుంది. "అమ్మాయీ, నేను నిన్ను చాలా మాటలన్నాను. నీకు వినబడనివి కూడా అన్నాను" అంది. అవతల ఆమె ఏమందో నాకు వినబడలేదు. అత్తయ్య తలాడిస్తూ చాలాసేపు వింది.

ఎవరి మీదనైనా అనుమానం ఉందా అని అడిగారు. లేదు. మా ఆయనకు శత్రువులు లేరు. బ్రేకులు ఆ నెల్లోనే చేయించారు. ఆ మలుపులో అప్పట్లో గోడ లేదు, వాన పడుతోంది. ఎవరినీ నిందించను. కారును కూడా నిందించను. అన్నీ చూసుకుని, మాకు ఎంత అందుతుందో అంతలో ఎంచుకున్న కారది. పాత కార్లు కొనేవాళ్లు ఇద్దరు ఇప్పటికే నా కొట్టుకు వచ్చి, ఈ మోడలు ఇప్పుడెక్కడా లేదు, మిగిలిన భాగాలైనా ఇస్తారా అని అడిగారు. కేసు ముగిశాక కారు తీసుకోవచ్చు, తలుపు మాత్రం ఇవ్వను అన్నాను. ఆ నీలం తలుపును మాకు ఇప్పించమని కోర్టు వారిని కోరుతున్నాను. అత్తయ్య కూడా అదే అడుగుతోంది.

ఈ వాంగ్మూలాన్ని రైటరు గారు మొదటినుంచి చివరిదాకా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఒక్కచోట ఆపమన్నాను. "భర్త వెళ్లిపోయిన రోజు" అని రాసి ఉంది. కారు ముందుభాగం ఇటువైపు తిరిగి ఉందని, మన ఊరి వైపు వస్తూ పడిందని మీ పంచనామాలోనే ఉంది కదా, ఆ మాట మార్చండి అన్నాను. రైటరు గారు ఇన్‌స్పెక్టరు గారి వైపు చూశారు. ఆయన మార్చమన్నారు. ఆ మాట కొట్టేసి, "భర్త ఇంటికి వస్తున్న రోజు" అని రాసి, పక్కన నా చేత పొడి సంతకం పెట్టించారు. ఇప్పుడు ఇందులో ఉన్నదంతా నిజం.

(సంతకం)

పై విషయాలు నా ఎదుటే చెప్పింది. నేను విన్నాను. నిజం.

(అత్తగారి ఎడమచేతి బొటనవేలి ముద్ర)